రెండు లెక్కలు ఒక్కటేనా? – తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ జీవితం

పదివేల రూపాయల అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. లెక్క తెలిసిన ఒకరు అసలును రెండుతో గుణించి, నూరుతో భాగించి, గడచిన నెలలతో గుణిస్తారు. మరొకరు ఏడాదికి 24 చొప్పున కట్టి, దానిని పన్నెండు భాగాలు చేసి, నెలల లెక్కన చెబుతారు. దారులు వేరైనా చేరే ఊరు ఒకటే. అసలు ఎంతైనా, నెలలు ఎన్నైనా ఇద్దరి జవాబూ ఒక్కటే. మూడవ వ్యక్తి ఏడాది నిండగానే వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ కడతారు. మొదటి పన్నెండు నెలల వరకు సరిచూస్తే ముగ్గురి లెక్కలోనూ తేడా కనబడదు. ఏడాదికి 2,400 రూపాయలని ముగ్గురూ చెబుతారు. రెండేళ్లు నిండేసరికి మాత్రం మొదటి ఇద్దరూ 4,800 అంటే, మూడవవారు 5,376 అంటారు. పన్నెండు నెలలు చూసి, ముగ్గురి పద్ధతీ ఒకటేనని నమ్మి కాగితం మీద సంతకం పెట్టిన కుటుంబానికి 576 రూపాయల నష్టం.

రెండు లెక్కలు ఒక్కటేనని ఎప్పుడు నమ్మవచ్చు? రాసిన తీరు ఒకటైతేనా, వచ్చే ఫలితం ఒకటైతేనా? ఫలితాన్నే చూడాలంటే ఎన్నిసార్లు చూడాలి? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న చుట్టూ జీవితమంతా పనిచేసిన గణితవేత్త హాస్కెల్ బ్రూక్స్ కర్రీ. ఆ పేరు వినగానే మన ప్రాంతాల వారికి హోటలు పలకమీది కూర గుర్తుకు రావచ్చు. కంప్యూటరు చదువు చదివే పిల్లలకు మాత్రం ఆయన పేరు రెండు మూడు చోట్ల తప్పక ఎదురవుతుంది.

మాట నేర్పే ఇంట్లో పుట్టినవాడు

కర్రీ 1900వ సంవత్సరం సెప్టెంబర్ 12న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, మిల్లిస్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి శామ్యూల్ సైలస్ కర్రీ, తల్లి అన్నా బరైట్ కర్రీ. వారిద్దరూ బోస్టన్ నగరంలో ఒక పాఠశాల నడిపేవారు. నలుగురిలో నిలబడి స్పష్టంగా మాట్లాడడం, భావం చెడకుండా చదవడం అక్కడ నేర్పేవారు. ఆ సంస్థే తరువాతి కాలంలో కర్రీ కళాశాలగా పేరు మార్చుకున్నది. మాటకు విలువనిచ్చే ఆ ఇంటి కుమారుడు పెద్దయ్యాక మాటల అవసరమే లేని గుర్తుల తర్కంలో పేరు తెచ్చుకున్నారు.

1916లో, పదహారేళ్ల వయసులో, ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికి ఆయన ఆశయం వైద్యుడు కావడం. మరుసటి ఏడాది అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. దేశానికి ఉపయోగపడాలంటే గణితం మేలని తలచి ఆయన చదువు మార్చుకున్నారు. 1918లో విద్యార్థుల సైనిక శిక్షణ దళంలో చేరారు. యుద్ధం త్వరలోనే ముగిసినా గణితం మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. 1920లో పట్టభద్రులయ్యారు.

అయినా దారి అప్పుడే స్థిరపడలేదు. రెండేళ్లు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో విద్యుత్ ఇంజనీరింగు చదివారు. ఆ రోజుల్లోనే జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో సగం రోజు పని. అక్కడ ఒక సంగతి ఆయనకు బోధపడింది. ఇంజనీరుకు పని జరిగితే చాలు; తనకేమో అది ఎందుకు జరిగిందో తెలిస్తే తప్ప తృప్తి లేదు. అందుచేత భౌతికశాస్త్రానికి మళ్లి 1924లో హార్వర్డ్ నుండి ఎం.ఎ. పట్టా పొందారు. ఆ పిమ్మట తిరిగి గణితానికి వచ్చారు. ఈ మార్పుల నడుమనే తల్లిదండ్రులిద్దరూ గతించారు.

ఒక నియమం మీద అనుమానం

భౌతికశాస్త్రం చదువుతున్న కాలంలోనే, 1922లో, కర్రీ చేతికి ఒక పెద్ద గ్రంథం వచ్చింది. వైట్‌హెడ్, రసెల్ అనే ఇద్దరు ఆంగ్లేయులు గణితమంతటినీ తర్కం పునాది మీద నిలబెట్టాలని రాసిన గ్రంథమది. దాని మొదటి పుటలలోనే ఆయన ఒక చోట ఆగిపోయారు.

అందులో వాదనను ముందుకు నడిపే నియమాలు ముఖ్యంగా రెండు. ఒకటి సులువైనది. వాన పడితే చెరువు నిండుతుంది, వాన పడింది, కాబట్టి చెరువు నిండింది అనే రీతిది. రెండవది ప్రతిక్షేపణ. బీజగణితంలో ఎక్స్ ఉన్నచోట అయిదు వేయడం ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలిసిన పనే. అయితే ఆ పనికి తప్పులేని నియమం రాయబోతే ఎన్నో చిక్కులు, ఎన్నో మినహాయింపులు. అందరూ తేలికగా దాటిపోయే ఈ మెట్టు నిజానికి చాలా ఎత్తైనదని కర్రీ గమనించారు. దానిని విడగొట్టి, చిన్న చిన్న పనులుగా చేసి చూపాలని సంకల్పించారు.

కొంతకాలం ఒంటరిగా శ్రమించిన పిదప, 1927లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా ఉండగా, గ్రంథాలయంలో ఆయనకు ఒక వ్యాసం కనిపించింది. 1924లో అచ్చయిన ఆ వ్యాసాన్ని మోసెస్ షోన్‌ఫింకెల్ అనే రష్యా పండితుడు జర్మన్ భాషలో వెలువరించారు. కర్రీ అనుకున్నదానిలో చాలా భాగం అందులో అప్పటికే ఉన్నది. తన పని మరొకరు ముందే చేశారని తెలిసినప్పుడు చాలామందికి గుండె జారిపోతుంది. కర్రీ మాత్రం ఆ మనిషి ఎక్కడున్నారో విచారించారు. ప్రిన్స్‌టన్‌కు అతిథిగా వచ్చిన రష్యా గణితవేత్త అలెగ్జాండ్రోవ్ ద్వారా తెలిసిన వార్త విచారకరమైనది. షోన్‌ఫింకెల్ మాస్కోలో మనోవ్యాధితో బాధపడుతున్నారు. ఆయన ఆ పనిని కొనసాగించే ఆశ లేదు.

షోన్‌ఫింకెల్ వ్యాసం జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో పుట్టినది. ఆ పరిశోధన తెలిసిన పండితుడు పాల్ బెర్నేస్ ఇంకా అక్కడే ఉన్నారు. కర్రీ అక్కడికే వెళ్లాలని నిశ్చయించుకున్నారు. 1928 వేసవిలో మేరీ వర్జీనియా వీట్లీని వివాహమాడి, భార్యతో కలిసి ప్రయాణమయ్యారు. మహాగణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ పేరున పరిశోధన సాగినా, దినదినం చర్చించి దిద్దినవారు బెర్నేస్. ఏడాదిలో సిద్ధాంతవ్యాసం పూర్తయింది. అది ఆయన మాతృభాషలో గాక జర్మన్‌లో రాసినది. 1930లో అచ్చయింది.

ఒకటి కంటె ఎక్కువ విలువలు తీసుకునే లెక్కను ఒక్కొక్క విలువను వరుసగా అందుకునేలా మార్చే పద్ధతిని నేడు ప్రపంచమంతా కర్రీయింగ్ అని కర్రీ పేరుతో పిలుస్తున్నది. ఆ ఆలోచన షోన్‌ఫింకెల్ వ్యాసంలో ఉన్నదే. కర్రీ తన రచనల్లో ఆ ఘనతను షోన్‌ఫింకెల్‌కే చెల్లించారు. లోకం మాత్రం తన అలవాటు మార్చుకోలేదు.

నాలుగు పనిముట్లు

కర్రీ నిర్మించిన శాస్త్రానికి కాంబినేటరీ లాజిక్ అని పేరు. తెలుగులో సంయోజక తర్కం అనవచ్చు. అందులో ఆయన తొలుత వాడిన పనిముట్లు నాలుగు. బి అనేది ఒక పని ఫలితాన్ని మరో పనికి అందిస్తుంది. సి అనేది రెండు వస్తువుల వరుస తారుమారు చేస్తుంది. డబ్ల్యు అనేది ఒకే వస్తువును రెండుసార్లు అందిస్తుంది. కె అనేది రెండు వస్తువులు తీసుకుని, మొదటిది ఉంచి, రెండవది వదిలేస్తుంది. గణితంలో ప్రతిక్షేపణతో చేసే పనులన్నీ ఈ నాలుగింటిని కూర్చి చేయవచ్చు.

ఒక చిన్న ఉదాహరణ. డబ్ల్యు, కె రెండూ కలిపితే ఏమవుతుంది? ఇచ్చిన వస్తువు రెండుసార్లు వస్తుంది, అందులో రెండవది పోతుంది. మిగిలేది మొదట ఇచ్చిన వస్తువే. మరొక కూర్పు చూడండి: సి పక్కన కె, దాని పక్కన మరో కె. ఇక్కడ ఇచ్చిన వస్తువు పక్కన వేరొకటి చేరుతుంది, చేరినది పోతుంది. మిగిలేది మళ్లీ ఇచ్చిన వస్తువే. రెండు కూర్పులూ ఏమిచ్చినా దానినే తిరిగి ఇస్తాయి. రాతలో మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు. కేవలం పనిముట్ల నియమాలతో ఎంత కుస్తీ పట్టినా ఒక రాతను రెండవ రాతగా మార్చలేము.

మరి ఆ రెండూ సమానమా, కాదా? వడ్డీ లెక్కలో ఎదురైన ప్రశ్నే ఇది. వస్తువు ఏదైనా ఫలితం ఒక్కటేనైతే రెండు కూర్పులనూ ఒకటిగానే ఎంచాలని కర్రీ భావించారు. అలా భావిస్తే సరిపోదు. తన శాస్త్రంలోనే దానిని రుజువు చేయగలగాలి. అందుకు కావలసిన అదనపు సూత్రాలను వెదకి కూర్చడం ఆయన సిద్ధాంతవ్యాసంలో ముఖ్యభాగం. సమానత్వం దానంతట అది వచ్చేది కాదనీ, ఏ అర్థంలో సమానమో ముందుగా చెప్పి, దానికి తగిన సూత్రాలు పెట్టుకోవాలనీ ఆయన అప్పుడే చూపారు.

కూలిన గోడ

1929లో కర్రీ పెన్సిల్వేనియా రాష్ట్ర కళాశాలలో ఉద్యోగంలో చేరారు. స్టేట్ కాలేజ్ అనే ఆ చిన్న పట్టణమే ఆయన శాశ్వత నివాసమైంది. 1930లో కుమార్తె, 1934లో కుమారుడు జన్మించారు. పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో తర్కం సాగించారు. అదే కాలంలో ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ అనే మరో తర్కవేత్త ప్రమేయాలను గురించి తన సొంత పద్ధతి నిర్మిస్తున్నారు. ప్రమేయమంటే ఒకటి ఇస్తే మరొకటి తిరిగి ఇచ్చే లెక్క. దానినే ఇంగ్లీషులో ఫంక్షన్ అంటారు.

1935లో చర్చ్ శిష్యులైన క్లీనీ, రాసర్ ఒక వ్యాసం ప్రచురించారు. చర్చ్ మొదటి తర్కపద్ధతిలోనూ, కర్రీ విస్తరించిన తర్కపద్ధతిలోనూ అబద్ధాన్ని కూడా రుజువు చేయవచ్చునని వారు నిరూపించారు. తర్కశాస్త్రంలో ఇంతకు మించిన ఆపద లేదు. ఒక్క అబద్ధం రుజువైతే ఏదైనా రుజువవుతుంది. అప్పుడు ఆ శాస్త్రానికి విలువే ఉండదు. ఎన్నో ఏళ్ల శ్రమ ఒక్క వ్యాసంతో ప్రశ్నార్థకమైంది.

చర్చ్ తన పద్ధతిలో తర్కభాగాన్ని పక్కనబెట్టి ప్రమేయాల భాగాన్ని కాపాడుకున్నారు. దానితోనే 1936లో ఒక గొప్ప ఫలితం సాధించారు. ఆ పద్ధతిలో రాసిన ఏ రెండు సూత్రాలనిచ్చినా అవి సమానమో కాదో తప్పక తేల్చే యాంత్రిక విధానం ఉండదని నిరూపించారు. అదే ఏడాది ఇంగ్లండుకు చెందిన ఆలన్ ట్యూరింగ్ తన ఊహాయంత్రంతో ఇటువంటి ఫలితానికే వచ్చారు. రెండు ప్రోగ్రాములు అన్నివేళలా ఒకే ఫలితం ఇస్తాయో లేదో తేల్చే సర్వసాధారణ యంత్రం ఎన్నటికీ రాదని ఈ ఫలితాల సారం. యంత్రం ఎంత వేగంగా పనిచేసినా ఈ హద్దు దాటదు.

కర్రీ మరో దారి పట్టారు. పగుళ్లు వచ్చిన ఇంటిని విడిచిపోక, పగులు ఏ రాయి దగ్గర మొదలైందో వెదకసాగారు. క్లీనీ, రాసర్‌ల నిరూపణ చాలా పొడవైనది. దానిని పొరలు పొరలుగా ఒలిచి, 1942లో కొద్ది పంక్తులలో అదే ప్రమాదాన్ని చూపారు. దానిని నేడు కర్రీ విరోధాభాసం అంటారు. ఈ మాట నిజమైతే చెరువు పాలతో నిండుతుంది అనే వాక్యాన్ని తీసుకుందాం. అది నిజమని కాసేపు ఒప్పుకుంటే, అది చెప్పినట్లే చెరువు పాలతో నిండాలి. అంటే వాక్యం నిజమైతే చెరువు పాలతో నిండుతుందని తేలింది. వాక్యం చెప్పేదీ అదే కాబట్టి వాక్యం నిజమే. కాబట్టి చెరువు పాలతో నిండవలసిందే. చిక్కంతా తనను గురించి తానే చెప్పుకునే మాటలో ఉన్నది.

ఈ చిక్కుకు ఒక మందు కర్రీ 1934లోనే సూచించారు. ప్రతి ప్రమేయానికీ ఒక రకం ఉంటుంది. సంఖ్యను తీసుకుని సంఖ్యనిచ్చేది ఒక రకం. పేరు తీసుకుని సంఖ్యనిచ్చేది మరొక రకం. వడ్ల కొలతతో నూనె కొలవనట్లే, ఒక రకం కోరిన చోట మరో రకం పెట్టరాదు. ఈ క్రమశిక్షణ ఉంటే ప్రమేయం తనను తానే మింగే అవకాశం పోతుంది. కంప్యూటరు భాషలలో టైపులని నేడు పిలిచేవాటి వంశవృక్షంలో ఈ ఆలోచన ఒక ముఖ్యమైన వేరు. పైగా ఆ రకాల ఆకృతికీ తర్కంలోని సూత్రాల ఆకృతికీ పోలిక ఉన్నదని కూడా ఆయన గుర్తించారు. ఆ పోలికను విలియం హోవర్డ్ 1969లో విస్తరించారు. కర్రీ ఎనభయ్యవ ఏట, 1980లో, ఆయన గౌరవార్థం వెలువడిన సంపుటిలో ఆ రచన తొలిసారి అచ్చయింది.

యుద్ధం, యంత్రం

రెండవ ప్రపంచ యుద్ధంలో కర్రీ 1942 నుండి తర్కాన్ని పక్కనబెట్టి ప్రభుత్వ సేవలో చేరారు. యుద్ధాంతానికి మేరీలాండ్ రాష్ట్రంలోని ఆబర్డీన్ క్షిపణి పరిశోధనాశాలలో ఉన్నారు. ఫిరంగి గుండ్ల గమనాన్ని లెక్కగట్టే ఆ సంస్థ కోసమే ఎనియాక్ అనే భారీ ఎలక్ట్రానిక్ కంప్యూటరు తయారైంది. 1946లో కర్రీ, విల్లా వయాట్ అనే సహోద్యోగినితో కలిసి, ఆ యంత్రంతో ఒక గణిత సమస్యను సాధించే విధానంపై నివేదిక రాశారు. ఆ తరువాత చిన్న ప్రోగ్రాములను కూర్చి పెద్ద ప్రోగ్రాము చేసే పద్ధతుల మీద నౌకాదళ సంస్థకు నివేదికలిచ్చారు. పనిముట్లను కూర్చి తర్కం నిర్మించిన మనిషి ప్రోగ్రాములనూ ఆ కంటితోనే చూశారు. అప్పట్లో వాటిని చదివినవారు కొద్దిమందే.

యుద్ధానంతరం ఆయన తన కళాశాలకు తిరిగి వచ్చారు. 1950–51లో బెల్జియం వెళ్లి రాబర్ట్ ఫేస్‌తో కలిసి తన శాస్త్రానికి సమగ్ర గ్రంథం ప్రారంభించారు. దాని మొదటి సంపుటి 1958లో వచ్చింది. రెండవ సంపుటి హిండ్లీ, సెల్డిన్ అనే యువ పండితులతో కలిసి 1972లో వెలువరించారు. 1966లో ఉద్యోగ విరమణ చేసి, మరో నాలుగేళ్లు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బోధించి స్వగృహానికి చేరారు.

రకాన్ని యంత్రమే రాబట్టడం

1969లో ఒక విశేషం జరిగింది. ఒక ప్రమేయాన్ని కూర్చిన తీరును చూసి, దాని రకం ఏమిటో ఎవరూ చెప్పకుండానే రాబట్టే విధానాన్ని కర్రీ ప్రకటించారు. అదే ఏడాది హిండ్లీ కూడా అటువంటి ఫలితాన్నే వేరుగా ప్రకటించారు. ఇంటి పేరు, ఊరు అడగకుండానే మనిషి మాట తీరును బట్టి ఏ ప్రాంతం వారో సరిహద్దు పల్లెల పెద్దలు చెప్పగలరు. దాదాపు అలాంటిదే ఈ విద్య. కూడిక జరిగిన చోట సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య ఎక్కడి నుండి వచ్చిందో అక్కడి ప్రమేయం సంఖ్యనిచ్చేదై ఉండాలి. ఇలా ఒక్కొక్క ఆనవాలు పట్టుకుని పోతే మొత్తం రకం బయటపడుతుంది. 1978లో బ్రిటన్‌కు చెందిన రాబిన్ మిల్నర్ ఈ విధానాన్ని తన సొంత దారిలో కనుగొని కంప్యూటరు భాషలో అమలుపరచారు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాధనమైన కంపైలరు, ఆ పని చేస్తూనే రకాలలోని తప్పులు పట్టుకోసాగింది.

కర్రీ 1982 సెప్టెంబర్ 1న, ఎనభై రెండేళ్లు నిండడానికి పదకొండు రోజుల ముందు, స్టేట్ కాలేజ్ పట్టణంలో కన్నుమూశారు.

పేరు మిగిలింది

1987లో కొందరు శాస్త్రజ్ఞులు, ప్రమేయాలే ప్రధానంగా ఉండే కంప్యూటరు భాషలు ఎన్నో విడివిడిగా పెరుగుతున్నందున అందరికీ ఉమ్మడిగా ఒక భాష కావాలని సంఘంగా ఏర్పడ్డారు. మరుసటి ఏడాది దానికి హాస్కెల్ అని పేరు నిశ్చయించారు. ఆ సంగతి కర్రీ సతీమణి వర్జీనియాకు తెలియజేశారు. తన భర్తకు హాస్కెల్ అనే పేరు ఎన్నడూ నచ్చలేదని ఆమె చెప్పినట్లు ఆ భాష నిర్మాతలు తరువాత గుర్తు చేసుకున్నారు. ఆ భాష తొలి ప్రమాణపత్రం 1990 ఏప్రిల్‌లో వెలువడింది.

ఆ భాషను రూపొందిస్తున్నప్పుడే కర్రీ యౌవనంలో ఎదురైన ప్రశ్న మళ్లీ తలెత్తింది. సమానమా అని అడిగే గుర్తును ఏయే వస్తువుల మీద వాడవచ్చు? రెండు సంఖ్యలను పోల్చవచ్చు. రెండు జాబితాలనైతే వరుసగా ఒక్కొక్క అంశాన్ని పోల్చవచ్చు. రెండు ప్రమేయాలను పోల్చడమెలా? మిరాండా అనే భాషలో అలా అడిగితే ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ మధ్యలో తప్పని ఆగిపోయేది. మిల్నర్ బృందం భాషలో, పోల్చదగిన రకాలను విడిగా గుర్తించి ప్రమేయాలను వెలుపల ఉంచారు. 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ మూడవ దారి చూపారు. ఏ రకానికి సమానత్వం కావాలో ఆ రకానికి పోల్చే పద్ధతిని ప్రోగ్రాము రాసేవారే ప్రకటించాలి. ప్రకటన ఉంటేనే కంపైలరు పోలికను అనుమతిస్తుంది. హాస్కెల్ భాష ఈ దారినే అనుసరించింది. అందులో ప్రమేయాలకు సమానత్వం ముందుగా ఇవ్వబడలేదు. ప్రమేయం దాగి ఉన్న వస్తువుకు సమానత్వాన్ని నీవే కల్పించుకొమ్మని కంపైలరును కోరితే అది నిరాకరిస్తుంది.

అయితే ప్రోగ్రాము రాసేవారికి ఒక వెసులుబాటు ఉన్నది. ప్రమేయాన్ని కొత్త రకం అనే సంచిలో మూటగట్టి, ఆ సంచికి తమదైన సమానత్వాన్ని ప్రకటించవచ్చు. ఉదాహరణకు వారంలోని రోజును తీసుకుని పనిగంటలు చెప్పే ప్రమేయాన్ని తీసుకుందాం. రోజులు ఏడే కాబట్టి ఏడుసార్లు అడిగి చూస్తే రెండు ప్రమేయాలు ఒకటో కాదో నిస్సందేహంగా తేలుతుంది. అప్పుడు కంపైలరు తన వంతు పని చేస్తుంది. రెండు సంచులను పోల్చినట్లు కనబడగానే లోపలి ప్రమేయం రకాన్ని రాబడుతుంది. అది తీసుకునే విలువలను వరుసగా లెక్కపెట్టే వీలుందా, ఇచ్చే విలువలను పోల్చే వీలుందా అని చూస్తుంది. ప్రకటన కోరిన షరతులు నెరవేరితేనే ముందుకు పోనిస్తుంది. లేకుంటే ప్రోగ్రాము నడవకముందే తప్పు చూపుతుంది.

కంపైలరు చూడలేనిది ఒకటుంది. ఆ ప్రకటన న్యాయమైనదేనా అన్నది అది విచారించదు. సంచి మీది పేరు ఒకటైతే లోపలి ప్రమేయాలూ ఒకటేనని ఎవరైనా ప్రకటిస్తే, రకాలు కుదిరినంత మాత్రాన కంపైలరు ఒప్పుకుంటుంది. బారువడ్డీ సంచికీ చక్రవడ్డీ సంచికీ వడ్డీ అనే ఒకే చీటీ అంటించినట్లే. పన్నెండు నెలలు మాత్రమే పోల్చమని రాసినా ఒప్పుకుంటుంది. ఆపై ఒకదాని బదులు మరొకటి వాడితే, ఏ హెచ్చరికా లేకుండా 4,800 రావలసిన చోట 5,376 వస్తుంది. ఇది కంపైలరు సోమరితనం వల్ల కలిగిన లోటని అనుకోరాదు. సమానత్వాన్ని తేల్చే సర్వసాధారణ యంత్రం లేదని 1936లోనే రుజువైంది. కాబట్టి ఆ పూచీ ప్రకటించిన మనిషి మీదనే ఉంటుంది.

కర్రీ జీవితం కూడా ఈ పూచీని మోసిన జీవితమే. అందరూ దాటిపోయిన మెట్టు దగ్గర ఆగారు. ముందు నడిచినవారి పేరు దాచలేదు. తన కట్టడంలోని పగులును ఇతరులు చూపితే, దానిని మరింత స్పష్టం చేసి లోకం ముందు తానే పెట్టారు. రెండు వస్తువులు ఒక్కటేనని చెప్పే ముందు, ఏ అర్థంలో ఒక్కటో చెప్పడం ఆయన నేర్పిన అలవాటు. కంప్యూటరు ముందు కూర్చునే యువకునికి, అప్పు కాగితం మీద సంతకం చేయబోయే రైతుకు కూడా ఆ అలవాటు అవసరమే. లెక్క ఒక్కటేనని ఎవరైనా చెప్పినప్పుడు పదమూడవ నెల లెక్క కూడా కట్టి చూపమని అడగడం అందులో మొదటి పాఠం.